పాత యంత్రమునకు పగ్గము

వేసవి సెలవులు వచ్చినవన్నచో మన యిండ్లలో రెండు వస్తువులకు విశ్రాంతి యుండదు. ఒకటి నీళ్ళకుండ, రెండవది కంప్యూటరు. మధ్యాహ్నపుటెండలో బయటికి పోరాదని పెద్దలు చెప్పుదురు. పిల్లలును ఆ మాటను సంతోషముగనే పాటించి, తలుపులు మూసికొని, గేముల ముందు కూర్చుందురు. అంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ కంప్యూటరు ఏడెనిమిదేండ్ల పాతదైనచో, అరగంట గడచునప్పటికి దాని ఫ్యాను పిండిమరవలె రొద చేయును, అడుగుభాగము చేయి పెట్టలేనంతగా కాలును, ఆట తడబడును, ఒక్కొక్కప్పుడు తెర నల్లబడి యంత్రమంతయు ఆగిపోవును. "ఇది ముసలిదైనది, క్రొత్తది కొనవలెను" అని యింటిలో మాట పుట్టును. ఆ మాట పుట్టుటకు ముందు చేయదగిన పని యొకటి కలదు. దానికి కాసు ఖర్చులేదు. అయినను మన బాలురు దానిని చులకనగా చూచుచున్నారు. ఆ పని యేదనగా, ఆటలోని ఫ్రేముల వేగమునకు హద్దు పెట్టుట.

ఫ్రేము అనగా నేమో మొదట తెలిసికొందము. తెరమీద కదలుచున్నట్లు కనబడు బొమ్మ నిజముగా కదలదు. నిలిచియున్న బొమ్మలు ఒకదాని వెనుక నొకటి వేగముగా వచ్చుటచేత మన కంటికి కదలిక తోచును. అట్టి ఒక్కొక్క నిలుకడ బొమ్మయే ఫ్రేము. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నాటినుండి నేటివరకు సినిమాలు సాధారణముగా సెకనుకు 24 ఫ్రేముల లెక్కననే నడచుచున్నవి. సినిమాలో ఈ బొమ్మలు ముందుగనే తీసిపెట్టినవి. ప్రొజెక్టరు వానిని చూపుటయే గాని చేయుట లేదు. ఆటలో అట్లుకాదు. మీరు మీట నొక్కినప్పుడు వీరుడు కుడికి తిరుగునో ఎడమకు తిరుగునో ముందుగా నెవరికిని తెలియదు. కావున ప్రతి ఫ్రేమును ఆ క్షణముననే లెక్కగట్టి గీయవలెను. చెట్టు, గోడ, నీడ, నీటిమీది మెరుపు, అన్నియు లెక్కలే. ఈ లెక్కలు చేయు భాగమును గ్రాఫిక్సు కార్డు అందురు. అది తీసికొను విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడిగా మారును. ఇది ఆ కార్డు దోషము కాదు; శక్తి నశింపదు, రూపము మార్చుకొనును అను ప్రకృతి ధర్మము. మీ సామాన్యశాస్త్ర పుస్తకములో చదివినదే.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. సామాన్యముగా మన యిండ్లలో నుండు మానిటరు సెకనుకు 60 మారులు తన బొమ్మను మార్చుకొనును. గ్రాఫిక్సు కార్డునకు ఈ సంగతి పట్టదు. హద్దు చెప్పనియెడల అది తన శక్తికొలది గీయుచునే పోవును. తేలికయైన ఆటలో 150 ఫ్రేములు గీయగలిగినచో 150 గీయును. తెర నిండుగా చూపగలిగినది 60. మిగిలిన 90 ఫ్రేముల శ్రమ యేమైనది? వానిలో కొన్ని ఎవరును చూడకయే చెరిపివేయబడును. కొన్ని ముక్కలుగా అతుకబడి, తెరమీద బొమ్మ అడ్డముగా చీలినట్లు కనబడును. నిజాంసాగరపు కాలువక్రింద సేద్యము చేయు మన చందూరు, వర్ని, బోధను ప్రాంతముల రైతులకు ఇది వివరింప నక్కరలేదు. మడి తాగునంత నీరు పారిన పిమ్మట తూము మూయనియెడల, మిగిలిన నీరు పైరునకు బలమీయదు. గట్టు తెంచి వాగులో కలియును. 1931లో పూర్తియైన ఆ ఆనకట్టకు తలుపు లేల పెట్టిరో ఆలోచింపుడు.

యంత్రమునకు హద్దు పెట్టుట దానిని అవమానించుటయని కొందరు బాలుర తలంపు. "నా కంప్యూటరు 120 ఇచ్చును" అని ఒకడనగా, "నాది 140" అని వేరొకడనును. పూర్వము మా తరములో ఎద్దుల బండ్లకు ఈ పందెము లుండెడివి. కాని ప్రపంచములోని గొప్ప యంత్రములన్నియు హద్దుతోనే గొప్పవైనవి. జేమ్సు వాట్ 1788లో తన ఆవిరి యంత్రమునకు తిరుగుడు గుండ్ల నియంత్రకము నమర్చెను. యంత్రము వేగము హెచ్చిన కొలది ఆ రెండు గుండ్లును దూరముగా విచ్చుకొని పైకి లేచును. లేచినకొలది ఆవిరి వచ్చు దారి మూతపడును. వేగము తగ్గగా గుండ్లు దిగి దారి మరల తెరచుకొనును. మనుష్యుడు ప్రక్కన నిలిచియుండ నవసరము లేదు. ఈ చిన్న పనిముట్టు ఎంత లోతైనదనగా, 1868లో జేమ్సు క్లెర్క్ మాక్స్‌వెల్ వంటి మహా శాస్త్రజ్ఞుడు దానినిగూర్చి ప్రత్యేకముగా గణిత వ్యాసము వ్రాసెను.

బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమై 2015లో మూతపడినది. అందులో పనిచేసిన తాతలు మీ వీధులలో ఇంకను కలరు. చెరకు అందకుండ రోలర్లు ఊరక తిరిగినచో ఏమగునని వారి నడుగుడు. రసము రాదు, ఇనుము మాత్రము అరుగును. చూడబడని ఫ్రేమును గీయు కార్డు పని యట్టిదే.

మన ప్రాంతమున ఈ విషయమునకు మరియొక ముఖ్య కారణము కలదు. అది ఎండ. చలిదేశములలో కూర్చుండి వ్రాసిన సలహాలు మనకు పూర్తిగా సరిపడవు. ఫ్యాను గాలితో చల్లబడు యంత్రము గదిలోని గాలికంటె చల్లగా ఎన్నటికిని కాజాలదు. గది యెంత వేడియో అక్కడినుండియే దాని వేడి మొదలగును. ఒక లెక్క వేసి చూతము. 25 డిగ్రీల గదిలో ఆట ఆడునప్పుడు చిప్పు 80 డిగ్రీలకు చేరినదనుకొనుడు. అనగా గదికంటె 55 డిగ్రీలు ఎక్కువ. అదే యంత్రము, అదే ఆట, మే నెలలో 42 డిగ్రీల గదిలో? నలుబదిరెండునకు ఏబదియైదు కలుపగా 97. అనేక చిప్పులకు నూరు డిగ్రీల సమీపముననో, అంతకు ముందుగనో, ప్రమాదపు గీటు ఉండును. ఇక హద్దు పెట్టుటవలన విద్యుత్తు నాలుగింట ఒక వంతు తగ్గినదనుకొందము. ఆ 55 కాస్త ఇంచుమించు 41 అగును. చిప్పు 83 దగ్గర నిలుచును. గది చల్లబడలేదు, క్రొత్త ఫ్యాను కొనలేదు. వేడి పుట్టుట మాత్రమే తగ్గినది.

తగ్గింపు ఇంతగా నుండుటకు ఒక రహస్యము కలదు. పని తేలికయైనప్పుడు చిప్పు తన వేగమును తగ్గించుకొనును, దానితోపాటు తాను తీసికొను వోల్టేజిని కూడ తగ్గించుకొనును. విద్యుత్ వినియోగము వోల్టేజియొక్క వర్గమును బట్టి మారును. వోల్టేజి పదింట ఒక వంతు తగ్గినచో, 0.9ని 0.9తో హెచ్చింపగా 0.81 వచ్చును; అనగా ఆ ఒక్క కారణముచేతనే నూటికి 19 వంతులు మిగులును. వర్గములు నేర్చుకొనుట యెందులకని తరగతిలో నన్నడిగిన వారు చాలమంది. వారి కిదియొక సమాధానము.

"హద్దు పెట్టకపోయినను చిప్పు తన్ను తాను రక్షించుకొనునుగదా" అని తెలిసినవారు అడుగుదురు. నిజమే. వేడి మితిమీరినప్పుడు అది తనంత తానుగా వేగము తగ్గించుకొనును. కాని అది ఎట్టి తగ్గింపు? ఆటలో కీలకమైన ఘట్టమున, అరువది ఫ్రేములు ఒక్కసారిగా ఇరువదియైదునకు పడిపోవును. కొంత చల్లబడగనే మరల ఎగయును, మరల పడును. కంటికి బాధ, చేతికి చికాకు. మనము ముందుగా ఎన్నుకొన్న హద్దు అట్లుకాదు. అది నిలుకడగా నుండును. కావున హద్దు ఉండవలెనా వద్దా యనునది ఇచట ప్రశ్నయే కాదు. పాత యంత్రమునకు హద్దు ఎట్లును వచ్చును. దానిని మనము పెట్టుదుమా, వేడి పెట్టునా యనునదే ప్రశ్న.

దూరదేశములలోను ఇట్టి సంగతులు జరిగినవి. 2010లో 'స్టార్‌క్రాఫ్ట్ 2' అను ఆట విడుదలయినప్పుడు కొందరి కంప్యూటర్లు విపరీతముగా వేడెక్కినవి. విచిత్రమేమనగా, ఆ వేడి ఘోరయుద్ధము జరుగు సమయమున గాక, ఆట మొదలుకాకముందు వచ్చు పట్టిక తెరలయందును కలిగెను. అచట గీయవలసినది తక్కువ. కావున కార్డు అడ్డు లేక పరుగెత్తెను. ఆ ఆటను చేసిన బ్లిజర్డు సంస్థ, ఒక ఫైలులో రెండు పంక్తులు చేర్చి ఆటలో 60కిని పట్టిక తెరలలో 30కిని హద్దు పెట్టుకొనుడని తెలిపినది. 2021లో అమెజాన్ వారి 'న్యూ వరల్డ్' ఆట పరీక్షాదశలో నున్నప్పుడు మిక్కిలి ఖరీదైన కొన్ని కార్డులు కాలిపోయినవి. ఆ కార్డులలో అతుకుల లోపమున్నదని తరువాత తేలినది. అయినను పట్టిక తెరలలో ఫ్రేములకు హద్దును ఆట చేసినవారు వెంటనే చేర్చిరి.

ఇక ఏ సంఖ్యవద్ద హద్దు పెట్టవలెను? ఇచట చాలమంది తొందరపడుదురు. యంత్రము 45 ఫ్రేములను మాత్రమే గీయగలిగినచో 60 వద్ద హద్దు పెట్టిన లాభములేదు. అది ఎన్నడును ఆ హద్దును తాకదు, పూర్ణశక్తితోనే శ్రమించుచుండును. ఎండ వేళలో, బరువైన ఘట్టములోకూడ, యంత్రము తడబడక ఇయ్యగల సంఖ్యను కనిపెట్టి, దానికి కొంచెము తక్కువగా పెట్టవలెను. అయితే 40 పెట్టుదమా? 60 మారులు మారు తెరకు 40 సరిగా భాగింపబడదు. ఒక బొమ్మ ఒక మారు, మరుసటి బొమ్మ రెండు మారులు నిలుచును, నడక కుంటుచున్నట్లుండును. 30 పెట్టినచో ప్రతి బొమ్మయు సరిగా రెండేసి మారులు, అనగా సెకనులో ముప్పదియవ వంతు, నిలుచును. సంఖ్య చిన్నదైనను చూపునకు నెమ్మదిగా నుండును. కథ నడచు ఆటలకు, వ్యూహపు ఆటలకు 30 చాలునని నేను చెప్పుదును. వాహనములు పరుగెత్తు ఆటలకు చాలదు. అట్టి వానికి నీడల నాణ్యతను, బొమ్మ పరిమాణమును తగ్గించి 60 నిలుపుకొనుట మేలు.

ఎదుటి పక్షమువారి మాటలోను న్యాయము కలదు. పోటీలలో ఆడువారికి ఎక్కువ ఫ్రేములు వచ్చినకొలది, మీట నొక్కుటకును తెరమీద ఫలము కనబడుటకును నడుమ ఆలస్యము తగ్గును. సెకనుకు 144 మారులు మారు తెరలున్నవారికి ఆ భేదము స్పష్టముగనే తెలియును. "సినిమాకు 24 చాలినప్పుడు ఆటకేల చాలదు?" అను వాదమును నేనును అంగీకరింపను. సినిమా కెమెరా కదలుచున్న వస్తువును కొంచెము మసకగా పట్టును, ఆ మసక కదలికను కలుపును. పైగా సినిమా మన చేతికి జవాబు చెప్పనక్కరలేదు. కాని మన చర్చ పోటీ యంత్రములను గూర్చి కాదు. ఇంటిలో నలుగురి పనికి ఆధారమైన ఒక్క పాత యంత్రమును గూర్చి.

మా వీధిలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు కలడు. తండ్రి నాలుగెకరముల రైతు. పెద్దకుమార్తె పాలిటెక్నిక్ చదువునకై రెండవచేతి లాప్‌టాపు కొని యిచ్చెను. తమ్ముడు దానిమీద ఆటలాడుచుండగా అది ఆగిపోవుట మొదలయ్యెను. పట్టణములో నొక దుకాణమునకు కొనిపోగా, మూతయైనను విప్పక, క్రొత్తది కొనుడని చెప్పిరట. యాసంగి వడ్ల డబ్బు ఇంకను చేతికి రాలేదు. అక్కకు పరీక్షలు దగ్గరపడినవి. ఇంటిలో ఆటలే నిషేధించిరి. ఆ బాలుని నిషేధించుటకంటె వాని ఆటకు హద్దు పెట్టుట న్యాయమని నేను వాదించితిని. 30 వద్ద హద్దు పెట్టిరి. తెలిసిన మెకానిక్కు చేత లోపలి దుమ్ము దులిపించి, ఎండిపోయిన పేస్టు మార్పించిరి. అక్క పరీక్షలు అదే యంత్రముమీద చదివి వ్రాసినది.

ఆ దుమ్మును గూర్చియు ఒక మాట. హద్దు సర్వరోగ నివారిణి కాదు. వడ్ల దుమ్ము, చెరకాకు మసి మన యిండ్లలో సామాన్యము. ఫ్యాను రెక్కలు పూడిపోయినప్పుడు ఏ సంఖ్య పెట్టినను ఫలము కొంచెమే. లాప్‌టాపును పరుపుమీద పెట్టి ఆడుట గాలి దారిని మూయుట, బల్లమీదనే పెట్టవలెను. కరెంటు తీగ తీసి, యంత్రమును పూర్తిగా ఆపకుండ మూత విప్పరాదు.

హద్దు పెట్టు చోటు చాల ఆటలలో సెట్టింగుల పట్టికలోనే యుండును. అచట లేనిచో గ్రాఫిక్సు కార్డుయొక్క నియంత్రణ పట్టికలో దొరకును, ఏ.ఎం.డి. వారు 2015నుండియు, ఎన్‌విడియా వారు 2020నుండియు ఈ సదుపాయమును అందులో చేర్చిరి. మరీ పాత కార్డులకు వి-సింకు అను ఏర్పాటు కలదు; అది తెర మార్పుతో ఫ్రేమును ముడివేయును, కొంచెము ఆలస్యము కలిగించును. హద్దు పెట్టకముందు అరగంట, పెట్టిన పిమ్మట అరగంట ఆడి, రెండుమారులును వేడిని ఒక కాగితముమీద వ్రాసికొనుడు. గది కిటికీ, ఆట ఘట్టము, ప్రొద్దు వేళ రెండింటికిని ఒకటిగా నుండవలెను. ఆషాఢము దాటి గాలి చల్లబడిన తరువాత, ఆ కాగితము చూచి, హద్దును కొంచెము పైకి జరుపవచ్చును.