వంశమా, వాక్పరంపరయా?

జాతీయసాహిత్యమనగా ఆ దేశమున పుట్టినవారు ఆ దేశభాషలో ఆ దేశజనులకై వ్రాసినదని మనవారు సాధారణముగా చెప్పు లక్షణము. ఫిలిస్ వీట్లీ అను కవయిత్రి విషయమున ఇది నిలువదు. ఆమె పశ్చిమాఫ్రికాలో జన్మించి, 1761లో బోస్టనులో బానిసగా అమ్మబడి, ఇంగ్లీషున కవిత్వము చెప్పెను. గ్రంథము 1773లో లండనున వెలువడెను. పద్యములు ఆమెవే యని 18 మంది బోస్టను ప్రముఖులు సాక్ష్యపత్రము వ్రాసి యీయవలసివచ్చెను! అవ్యాప్తికి ఇంతకంటె మంచి ఉదాహరణము తర్కపాఠమున దొరకదు.

హెన్రీ లూయిస్ గేట్స్ అను అమెరికా విమర్శకుడు 1988లో ప్రకటించిన ‘ది సిగ్నిఫైయింగ్ మంకీ’ అను గ్రంథమున ఈ చిక్కునకు సమాధానము కలదు. నల్లవారి రచనలను ఒక పరంపరగా కూర్చునది రక్తము కాదు. ఒక గ్రంథము పూర్వగ్రంథమును చదివి, మార్చి, మరల చెప్పుటయే. గ్రోనియోసా అను బానిస, యజమాని పుస్తకము చదువుట చూచి, అది మాటలాడుచున్నదని తలచి, రహస్యముగా తన చెవి దానికి ఆనించెను. అది పలుకలేదు. తాను నల్లవాడగుటచేతనే పలుకలేదని అతడు భావించెను. 1787లో కుగోవానో ఈ ఘట్టమునే పెరూదేశపు రాజు అతహువల్పాకు అన్వయించెను. 1789లో ఎక్వియానో తన బాల్యకథలో చేర్చెను. ఘట్టమొక్కటే, ప్రయోజనము వేరు.

గ్రంథనామమునకు మూలమైన జానపదకథయు రసవత్తరము. ఏనుగు నిన్ను తిట్టినదని కోతి సింహముతో చెప్పును. సింహము అభిధామాత్రమును గ్రహించి, ఏనుగుపైకి పోయి దెబ్బలు తినును. వ్యంగ్యము తెలియనివాని గతి యిది. అయితే యొరూబా దేవత ఎషుకును ఈ కోతికిని గేట్స్ కల్పించిన సంబంధము ఎక్కువగా అనుమానముపై నిలిచినది. ఆ భాగము నాకు రుచింపలేదు.

ఇదంతయు మన ఆనందవర్ధనుడు సంవాదప్రకరణమున చెప్పినదే యని మన పరిశోధకులు వెంటనే అనగలరు. ప్రతిబింబము, ఆలేఖ్యము, తుల్యదేహి యను విభాగము ఇచట నిజముగా ఉపకరించును; ఎక్వియానో ఘట్టము మూడవదానిలో చేరునని నా యభిప్రాయము. కాని అంతతో చాలించినచో మనము సింహమువలె చదివినట్లే. ధ్వన్యాలోకమున విచారింపబడు కవి పూర్వకవికి ఎంత ఋణపడినాడన్నదే ప్రశ్న. అతడు కవిత్వము చెప్పగల మనుష్యుడేనా యని ఎవరును అడుగలేదు. వీట్లీని అడిగిరి. తరువాత అమెరికాకు అధ్యక్షుడైన జెఫర్సనుకూడ ఆమెను కవిగా అంగీకరింపలేదు. పూర్వగ్రంథమును అనుసరించుట మన కవికి వ్యుత్పత్తి. ఆమెకు అది మనుష్యత్వమునకు ప్రమాణము. తులనాత్మకవ్యాసమునకు పూనుకొను విద్యార్థి మొదట ఈ భేదమును వ్రాసి, పిమ్మట సామ్యమునకు రావలెను.