పాయింట్లు కొట్టని పిల్లల సంగతి



మన మంగళగిరిలో చాలా ఇళ్లలాగే మా ఇంటికీ అమెరికా నుంచి ఆదివారం వీడియో కాల్ వస్తుంది. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు స్కూల్ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. "ఎన్ని పాయింట్లు కొట్టావురా?" అని అడిగాను. వాడు నవ్వి, "నేను గార్డ్‌ని మావయ్యా. నాకు పాస్ పట్టుకునే హక్కే లేదు" అన్నాడు.

ఆశ్చర్యపోయి రూల్స్ చెప్పించుకున్నాను. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. ఒక్కో ప్రయత్నంలో బంతిని ఒక్కసారే ముందుకు విసరాలి, అదీ ఆట మొదలైన గీతకు వెనక నుంచే. విసిరేది సాధారణంగా క్వార్టర్‌బ్యాక్. ఆ పాస్ పట్టుకోవడానికి గీత మీద రెండు చివర్లలో ఉన్నవాళ్లు, గీతకు వెనక నిలబడ్డవాళ్లు అర్హులు. మధ్యలో ఉండే ఐదుగురు, అంటే ఒక సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు ట్యాకిల్స్, పట్టుకోకూడదు. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా రెండు మూడు సెకన్లు అడ్డుకోవడమే వాళ్ల పని. ఆ సెకన్లు దొరక్కపోతే పాసూ లేదు, పాయింటూ లేదు. కానీ చప్పట్లన్నీ విసిరినవాడికీ పట్టినవాడికే.

మన ఊరివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గుంట మగ్గం మీద చీర దిగాలంటే పడుగు సిద్ధం చేసేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు ఉండాలి. చీర చూసి మెచ్చుకునేవాళ్లకు వాళ్లు కనిపించరు.

మా అమ్మాయి ఏడో తరగతి, ఖో-ఖో ఆడుతుంది. ఇన్నాళ్లూ "ఎంతమందిని అవుట్ చేశావు?" అనే అడిగేవాణ్ణి. "ఎవర్నీ లేదు" అని లోపలికి వెళ్లిపోయేది. ఆ కాల్ తర్వాత, "ఈ రోజు జట్టులో నీ పనేంటమ్మా?" అని అడిగాను. ఎప్పుడు లేచింది, ఎవరికి ఖో ఇస్తే అవతలి పిల్ల దొరికిపోయింది, అన్నం తింటున్నంతసేపూ చెప్పింది.

పోటీ ప్రపంచంలో ముందుండాలి కదా అంటారా? ఉండాలి. మార్కులూ కావాలి. అయితే హోర్డింగుల మీద ర్యాంకర్ల ఫొటోలే చూస్తూ పెరిగే పిల్లలు, ఫొటో లేనివాడు లెక్కలో లేడనుకుంటారు. అలాగని "నువ్వు వెనకే ఉండు" అనీ చెప్పొద్దు. చిన్న వయసులో అన్ని స్థానాల్లోనూ ఆడించమని కోచ్‌ని అడుగుదాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకుతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేయండి: "మా పిల్లాడు క్లాసులో ఎవరికి సాయపడుతున్నాడు సార్?" ఆ జవాబు ప్రోగ్రెస్ రిపోర్టులో దొరకదు. ఇంటికి వెళ్లాక దాన్ని పిల్లాడికి కూడా చెప్పండి.