పాట లోపలికి వెళ్లింది, పాడినవారో?



ఒక క్రిస్మస్ కాలములో మేము మా సంఘ యౌవనస్థులతో డోలకు, తాళములు పట్టుకొని ఊరి వీధులలో పాడుచు వెళ్లాము. ఒక పెద్ద ఇంటివారు అరుగు మీదికి వచ్చి శ్రద్ధగా విన్నారు. "ఇంకొక పాట పాడండి" అని అడిగి పాడించుకున్నారు. మా పిల్లవాడొకడు దాహమంటే మాత్రము చెంబు పైకెత్తి దోసిట్లో నీళ్లు పోశారు. పాట ఆ ఇంటిలోనికి వెళ్లింది. పాడినవారు గుమ్మము బయటనే నిలిచారు.

ఆ రాత్రి మాకు మేరియన్ ఆండర్సన్ గారు జ్ఞాపకము వచ్చారు. ఆమె 1897లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో ఒక పేద నల్లజాతి కుటుంబములో జన్మించారు. ఆరేండ్ల వయస్సులోనే తమ బాప్టిస్టు సంఘములో పిల్లల గాయక బృందమున చేరారు. చిన్నతనములోనే తండ్రి చనిపోయాడు. సంగీతము నేర్చుకొనుటకు వెళ్తే, ఒక పాఠశాలవారు రంగును బట్టి త్రిప్పి పంపివేశారు. అప్పుడు సంఘస్థులే చందాలు వేసుకొని ఆమెకు చదువు చెప్పించారు.

ఐరోపాలో గొప్ప పేరు పొంది ఆమె స్వదేశము చేరారు. అయితే 1939లో వాషింగ్టన్ నగరములో ఆమె కచేరీకి కాన్‌స్టిట్యూషన్ హాలును అడిగినప్పుడు, ఆ హాలు గల స్త్రీల సంఘమువారు ఇవ్వలేదు. కారణము ఆమె రంగే. అధ్యక్షుని భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ గారు ఆ సంఘములో తమ సభ్యత్వమును వదులుకున్నారు. ఏప్రిల్ 9న, ఈస్టరు ఆదివారమున, లింకన్ స్మారక మందిరపు మెట్లమీద నిలిచి మేరియన్ గారు పాడారు. సుమారు 75,000 మంది, నల్లవారు తెల్లవారు కలిసి నిలిచి విన్నారు. రేడియోలో విన్నవారు లక్షలమంది.

1943లో ఆ హాలు తలుపులు ఆమెకు తెరుచుకున్నాయి. 1963లో సమాన హక్కుల కొరకు జరిగిన మహా ప్రదర్శనలో ఆమె మరల లింకన్ మందిరము వద్ద పాడారు. హోటళ్లలోను ఇతర చోట్లను రంగును బట్టి వేరుచేయరాదను చట్టము 1964లో గాని రాలేదు. మెట్లమీది ఆ పాటకును ఈ చట్టమునకును నడుమ 25 సంవత్సరములు!

ఇందులో మేము నేర్చుకున్నది ఇదే. పాట మనుష్యులను ఒకచోట చేర్చగలదు, చెవిని తెరువగలదు. తలుపు గడియ తీయవలసినవాడు మాత్రము విన్న మనుష్యుడే.

ఊరివారిని తప్పుపట్టక ముందు మనలను మనము చూచుకొందము. ఆదివారమున రెండు పేటలవారము ఒకే పాటల పుస్తకము పట్టుకొని పాడుచున్నాము. పెండ్లి సంబంధమనగానే ఎవరి పేట వారిదైపోవుచున్నది. అట్లయితే మన పాట ఎంతవరకు వెళ్లినట్లు?

మీ సంఘములో చక్కని గొంతుగల పేద బిడ్డ ఉంటే, హార్మోనియము నేర్పించుటకు తలా పది రూపాయలు వేయండి. ఈసారి పండుగకు మీ పాట వినుటకు వచ్చినవారిని, వారు ఎవరైనను, పేరుపెట్టి పిలిచి మీ ప్రక్కన కూర్చుండబెట్టి అన్నము పెట్టండి. మేమును మా ఇంటి నుండే మొదలుపెట్టుచున్నాము.