టెక్నాలజీ షేర్లు: రోజువారీ బేరం మానాలి, ఉంచుకోవడానికీ హద్దు పెట్టుకోవాలి

2003 ఏప్రిల్ 10న ఇన్ఫోసిస్ షేరు ఒక్క రోజులో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. కంపెనీ దివాలా తీయలేదు, లెక్కల్లో మోసమూ బయటపడలేదు. వచ్చే ఏడాది లాభాలు మార్కెట్ ఆశించినంత పెరగవని యాజమాన్యం చెప్పింది, అంతే. ఆ ఏడాది ముగిసేలోగా ధర పాత స్థాయిని దాటేసింది. సిమెంటు కంపెనీ షేరు ధరలో ఫ్యాక్టరీకి, గనులకు, భూమికి కొంత విలువ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ షేరు ధరలో ఎక్కువ భాగం ముందు ముందు రాబోయే లాభాల మీద పెట్టుకున్న ఆశే. ఆ ఆశ కాస్త సడలితే చాలు, ధర బాగా కుంగుతుంది.

ఇంత ఊగే షేరును పడినప్పుడు కొని, లేచినప్పుడు అమ్మితే సరిపోతుంది కదా అన్న ఆలోచన సహజం. అలా చేసినవాళ్ళకు చివరికి ఏం మిగిలిందో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో లెక్క తేల్చింది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేసే బేరం, చేసిన వ్యక్తుల్లో ప్రతి పదిమందికీ ఏడుగురు నష్టపోయారు. 30 ఏళ్ళలోపు వాళ్ళలో నష్టపోయినవారు 76 శాతం. ఏడాదికి 500కు పైగా లావాదేవీలు చేసినవాళ్ళలో ఏకంగా 80 శాతం. చేయగా చేయగా చేయి తిరుగుతుందన్న మాట వంటకు, వడ్రంగానికి వర్తిస్తుందేమో కానీ ఈ బేరానికి వర్తించడం లేదు.

దీనికి కారణం ఆడేవాళ్ళ తెలివితక్కువతనం కాదు, ఖర్చు. ఇంట్రాడేలో అమ్మకపు విలువ మీద లావాదేవీ పన్ను 0.025 శాతం. చూడటానికి నలుసంత. కానీ చేతిలో లక్ష ఉంటే బ్రోకరు ఇచ్చే మార్జిన్‌తో 5 లక్షల దాకా బేరం చేయవచ్చు. రోజుకు ఒక్కసారి అలా కొని అమ్మినా పన్ను 125 రూపాయలు. ఏడాదిలో మార్కెట్ తెరిచి ఉండే సుమారు 250 రోజులకు అది 31,250 రూపాయలు, అంటే అసలు పెట్టుబడిలో దాదాపు మూడో వంతు. బ్రోకరేజి, జీఎస్టీ, స్టాంపు సుంకం, ఎక్స్చేంజి రుసుములు దీనికి అదనం. అయిదింతల బేరంలో షేరు 4 శాతం పడితే సొంత డబ్బు 20 శాతం పోతుంది. టెక్నాలజీ షేరుకు 4 శాతం పడటం పెద్ద విశేషమేమీ కాదు. లాభమొస్తే పన్నులోనూ తేడా ఉంది. ఏడాది దాటి ఉంచుకుని అమ్మిన షేర్ల లాభంలో 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ఇంట్రాడే లాభాన్ని స్పెక్యులేషన్ ఆదాయంగా లెక్కగట్టి శ్లాబు ప్రకారం పన్ను వేస్తారు.

కాబట్టి జీతం మీద బతికే కుటుంబాలు డెలివరీలో కొని ఉంచుకోవడమే మేలు. అయితే ‘కొని మరచిపో’ అనే సలహా సగమే నిజం. 2000 మార్చిలో సిస్కో షేరును శిఖరం మీద కొన్నవాళ్ళు 20 ఏళ్ళు ఓపిక పట్టినా ఆ ధర మళ్ళీ చూడలేదు. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేదని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి చేరింది. సొంత కంపెనీ షేర్లే దాచుకున్న ఉద్యోగులకు పొదుపు కరిగిపోవడం, ఉద్యోగానికి ముప్పు రావడం ఒకే రోజు జరిగాయి.

అందుకే ఉంచుకోవడానికి హద్దు కావాలి. ఏ ఒక్క టెక్నాలజీ షేరూ ఇంటి పొదుపులో 5 శాతం మించకపోతే, అది సగానికి పడినా పిల్లల ఫీజు ఆగదు. కంపెనీ ఇచ్చే షేర్ల విషయంలో, బెంగళూరులో ఉన్నా అమెరికాలో ఉన్నా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మరీ జాగ్రత్తగా ఉండాలి. అవి చేతికొచ్చిన రోజునే వాటి విలువను జీతంలో కలిపి పన్ను వేస్తారు. ఆ రోజు అమ్మకుండా ఉంచుకోవడమంటే జీతం డబ్బుతో సొంత కంపెనీ షేరు కొత్తగా కొనడమే. నగదు ఇస్తే కొనని షేరును ఊరికే వచ్చిందని అట్టేపెట్టుకోవడంలో అర్థం లేదు.

ఎప్పుడు అమ్మాలో కొన్న రోజే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ధర పడటం ఒక్కటే అమ్మడానికి కారణం కాకూడదు. ఆడిటర్ మధ్యలో తప్పుకోవడం, ప్రమోటర్లు వాటాలు తాకట్టు పెట్టడం, సంబంధం లేని వ్యాపారంలోకి కంపెనీ నగదు మళ్ళించడం అసలు కారణాలు. సత్యంలో ఈ చివరిది ఆ లేఖకు మూడు వారాల ముందే కనిపించింది. 2008 డిసెంబరు 16న రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొంటామని ప్రకటించి, మదుపరులు తిరగబడటంతో కంపెనీ వెనక్కి తగ్గింది. తాకట్టు సంగతి మాత్రం అప్పట్లో చిన్న మదుపరికి తెలిసే దారి లేదు. ఆ కుంభకోణం తర్వాతే సెబీ దాని వెల్లడిని తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఆ వివరం ఎక్స్చేంజి వెబ్‌సైట్లో ఎవరైనా చూడవచ్చు.

వ్యక్తుల జాగ్రత్తతోనే ఇది తీరదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారన్న హెచ్చరికను బ్రోకర్లు లాగిన్ కాగానే చూపాలని 2023 జులై నుంచి నిబంధన ఉంది. అలాంటి హెచ్చరికను షేర్ల ఇంట్రాడేకూ తప్పనిసరి చేయాలి. దాని పక్కనే ఆ ఖాతాదారుకు ఆ ఏడాది అన్ని ఖర్చులూ పోను మిగిలిన లాభనష్టం ఒకే అంకెగా, ఆర్డరు బటన్ కన్నా పెద్ద అక్షరాల్లో, తెలుగులో కనిపించాలి. ఆ అంకె వేయడానికి కావలసిన వివరాలన్నీ బ్రోకర్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి.