అపకేంద్ర యంత్రము

రక్తపరీక్షకై పోయినవారు పరీక్షాలయమున నొకమూల మూతగల చిన్న యంత్రము గిఱ్ఱున తిరుగుచుండుట చూచియే యుందురు. దాని పేరేమని యడిగినచో సెంట్రిఫ్యూజనియే బదులు వచ్చును. మన శాస్త్రగ్రంథములలో దానికి అపకేంద్ర యంత్రమని పేరు గలదు. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసిననాటినుండి తెలుగున శాస్త్రము వ్రాయుచునే యున్నాము. అయినను ఈ పేరు పుస్తకము దాటి బల్లమీది యంత్రమువఱకు రాలేదు. తప్పు పాఠకునిదని మేమనుకొనము.

పదము వ్యాకరణదృష్టిని నిర్దుష్టమే. 1659లో హైగెన్స్ కేంద్రమును విడిచి పాఱు బలమని లాటినున నొక మాట వాడెను. న్యూటను 1684లో దానికి జోడుగా కేంద్రమును వెదకు బలమని మఱియొకటి కూర్చెను. మొదటిది మనకు అపకేంద్రము, రెండవది అభికేంద్రము. ఈ రెంటినడుమ విద్యార్థి పరీక్షనాడు తడబడుచున్నాడు. అర్థము చెప్పక పదమును వల్లె వేయించిన ఫలమిది. వడిసెలతో జొన్నచేనిలో పిట్టలను తోలినవానికి సంగతి చేతికే తెలియును. త్రిప్పుచున్నంతసేపు త్రాడు రాతిని లోనికి లాగుచుండును. త్రాడు విడిచిన రాయి అప్పుడు తానే దిక్కున పోవుచున్నదో ఆ దిక్కుననే తిన్నగా పోవును. గొట్టములోని రక్తకణములును అట్లే తిన్నగా పోజూచి అడుగు చేరును. వెలికి త్రోయు బలమన్నది యంత్రముతోపాటు తిరుగువాని లెక్కకు మాత్రమే యున్నది.

దీనిని చిలుకు యంత్రమనరాదా యందురేమో. కవ్వము వెన్నను ఒకచోటికి చేర్చును. ఇది బరువునుబట్టి విడదీయును. ద లావల్ 1878లో నిర్మించిన పాలయంత్రమున బరువైన పాలు అంచునకు పోగా తేలికయైన మీగడ నడుమనే నిలిచెను. కేంద్రమును విడుచుటయను పేరు మీగడకు చెల్లదుగదా!

మాకు తోచినది వేఱు. బురదనీరు తేరినదని, పైది తేట, అడుగుది మడ్డి యని మన యిండ్లలో అనుచునే యున్నారు. కుండలో గడియలు పట్టు ఆ పనినే ఈ యంత్రము నిమిషములలో చేయును. పది సెంటీమీటరుల వ్యాసార్ధమున నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో, అందలి బలము భూమ్యాకర్షణకు ఇంచుమించు వేయిరెట్లగును. రక్తమున పైన పసుపువన్నె తేట, అడుగున ఎఱ్ఱని మడ్డి. పరీక్షాలయమున దీనిని తేర్చు యంత్రమనుటకు అడ్డేమి? యురేనియము వాయువును విడదీయు పెద్ద యంత్రములకు ఈ పేరు పొసగదు. కనుక గ్రంథములలో అపకేంద్ర శబ్దమునే యుంచవచ్చును.

అయితే పాఠ్యపుస్తకమున బొమ్మక్రింద రెండు పేళ్లును వేయుడు, తేటను మడ్డిని గుర్తింపుడు. గొట్టమొకటే యున్నప్పుడు ఎదుట నంతే బరువుగల నీళ్లగొట్టము నుంచవలెనని, లేనిచో యంత్రమదరి చెడునని అచ్చటనే తెలుగున వ్రాయుడు. ఆ హెచ్చరిక నేడు మూతమీద ఇంగ్లీషున నున్నది. మీట నొక్కువాడు తెలుగువాడు.