వరుస సంఖ్యను పిలిచే భాష

బ్యాంకులోను, తాలూకా కార్యాలయంలోను, జిల్లా ఆసుపత్రిలోను ఇప్పుడు మనలను పిలుస్తున్నది చాలాచోట్ల మనిషి కాదు, యంత్రం. గుమ్మం దగ్గర మీట నొక్కితే చిన్న చీటీ వస్తుంది. దానిమీద టోకెన్ నంబరు ఉంటుంది. గోడకు తగిలించిన తెరపై ఆ నంబరు కనబడగానే, పక్కన చూపిన కౌంటరుకు వెళ్ళాలి. తెరతోపాటు ఒక గొంతు కూడా ఆ సంఖ్యను చదువుతుంది. తోపులాటను తగ్గించి, పలుకుబడి గలవారు ముందుకు చొరబడే అలవాటును కొంతయినా అరికట్టే ఈ ఏర్పాటును ఆక్షేపించవలసిన పని లేదు. మన ఆక్షేపణ ఒక్కటే. సరిహద్దు జిల్లాలలో తరచుగా ఆ గొంతుకు తెలుగు రాదు.

హోసూరులో, బాగేపల్లిలో, పావగడలో, పర్లాకిమిడిలో, సిరొంచలో, షోలాపూరులో పాత కార్యాలయాలను ఎరిగినవారికి అక్కడి బంట్రోతు గుర్తుండే ఉంటాడు. అతడు ముందు రాష్ట్ర భాషలో పిలిచేవాడు; ఎవరూ లేవకపోతే తెలుగులో కేక వేసేవాడు. అలా చేయమని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అతనికి చెప్పలేదు. ఆ ఊరివాడు గనుక చేశాడు. యంత్రం ఆ ఊరిది కాదు. ఎక్కడో ఖరారైన టెండరులో ఏ భాషలు వ్రాసి ఉంటే అవే పలుకుతుంది. ఉత్తర్వు లేకుండానే తరతరాలుగా నడిచిన ఒక సౌకర్యం, ఉత్తర్వు లేకుండానే మాయమైపోతున్నది.

మన పిల్లలకు దీనివల్ల ఇబ్బంది లేదు. వారు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకున్నారు. తెరను చూచి లేచి వెళ్ళగలరు. ఇబ్బంది వారి అవ్వలది, తాతలది. చూపు ఆనని వృద్ధురాలు ఆసుపత్రి బల్లమీద చెవులు రిక్కించి కూర్చుంటుంది. తన సంఖ్య వచ్చి పోయిన సంగతి ఆమెకు తెలియదు. అడిగితే, పిలిచాము, నీవు రాలేదు, మళ్ళీ చీటీ తీసుకో అంటారు. అప్పటికి ఓపీ వేళ ముగిసిపోతుంది. పింఛను కోసం పనిమాని వచ్చిన మగ్గం కార్మికునికైతే ఆనాటి కూలి పోయినట్లే.

అన్నేళ్ళుగా అక్కడే ఉన్నవారికి పొరుగు భాషలో అంకెలు కూడా రావా అని కొందరు అడుగుతారు. అంకెలే కష్టమని వారికి తెలియదు. మరాఠీలో తొమ్మిది ‘నవూ’, నలభై ‘చాళీస్’. నలభైతొమ్మిది మాత్రం ‘ఏకోణపన్నాస్’, అనగా ఒకటి తక్కువ యాభై. బజారులో మరాఠీ ధారాళంగా మాట్లాడే మన పెద్దవారు కూడా ఆ మాట దగ్గర తడబడతారు. హిందీలోను, ఒడియాలోను ఇదే చిక్కు; తొంభైతొమ్మిది వరకు దాదాపు ప్రతి సంఖ్యనూ విడిగా నేర్చుకోవలసినదే. కన్నడ, తమిళాల లెక్క మన లెక్కకు దగ్గర గనుక అక్కడ బాధ కొంత తక్కువ. దీనికి తోడు కొన్నిచోట్ల సంఖ్య ముందు ఇంగ్లీషు అక్షరం కూడా తగిలిస్తున్నారు: ఎ-12, బి-12. అంకెలు గుర్తుపట్టగల నిరక్షరాస్యులు సైతం పన్నెండు రెండుసార్లు కనబడితే ఏది తమదో తేల్చుకోలేరు.

ఇక చట్టం మాట. 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు వచ్చాయి; భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు పదవి ఏర్పడింది. ఆ సంవత్సరపు కేంద్ర ప్రభుత్వ మెమొరాండం, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించిన రక్షణల ప్రకారం, ఒక జిల్లాలోగాని తాలూకాలోగాని మునిసిపాలిటీలోగాని జనాభాలో 15 శాతమున్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన నోటీసులను, నిబంధనలను ప్రచురించాలి. ఇవి ప్రభుత్వాలు ఒప్పుకున్న రక్షణలే తప్ప కోర్టులో నేరుగా అమలు చేయించుకోగల శాసనాలు కావు. ఈ తేడాను మనవారు గుర్తించాలి. అయినా, నాటి నోటీసు బోర్డు పనిని నేడు గోడమీది తెర చేస్తున్నప్పుడు ఆ హామీ తెరకు వర్తించదనడం న్యాయం కాదు.

రాష్ట్ర భాషా చట్టాలు అడ్డువస్తాయని అధికారులు చెప్పే జవాబు కూడా నిలువదు. మహారాష్ట్రలోని అకోలా జిల్లా పాతూరు మునిసిపల్ భవనం బోర్డుపై మరాఠీ క్రింద ఉర్దూ వ్రాయడాన్ని ప్రశ్నించిన వ్యాజ్యంలో 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2022 నాటి మహారాష్ట్ర స్థానిక సంస్థల అధికార భాషల చట్టం మరాఠీని తప్పనిసరి చేస్తున్నది గాని అదనంగా మరొక భాష వాడడాన్ని నిషేధించడం లేదని న్యాయమూర్తులు సుధాంశు ధులియా, కె.వినోద్ చంద్రన్ స్పష్టపరిచారు. కర్ణాటకలో 2024 సవరణ సైతం నామఫలకాలలో 60 శాతం కన్నడం ఉండాలన్నది; మిగిలిన చోటును మూసివేయలేదు. కౌంటర్ల సూచికలు ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాషలలో ఉండాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పినదానిలోను నాలుగవ భాష కూడదన్న మాట లేదు. రాష్ట్ర భాష పైన ఉండనీయండి, ముందు పలుకనీయండి. ఆ గౌరవాన్ని మనం ఎన్నడూ కాదనలేదు.

మిగిలింది ఖర్చు. ఏడు గీతల ఎర్రదీపాల పాత పలక అంకెలు మాత్రమే చూపగలదు. దానిని తెలుగు వ్రాయమనడం వృథా. టీవీ వంటి తెర అయితే ఏ లిపినైనా చూపుతుంది. కొన్ని సాఫ్ట్‌వేరులలో మన వత్తులు విడిపోయి అక్షరాలు చెదురుతాయి. అటువంటప్పుడు ‘పింఛను’, ‘మందులు’, ‘రక్త పరీక్ష’ వంటి మాటలను బొమ్మలుగా తయారుచేసి ఎక్కించవచ్చును. భాషలు వంతులవారీగా మారేచోట మాటలు మారాలి గాని సంఖ్య తెరమీదనుంచి తొలగరాదు. ఈ షరతును అర్జీలో తప్పక వ్రాయాలి.

గొంతు సంగతి మరీ తేలిక. రైల్వే స్టేషనులో ప్రకటనలవలె ముందే రికార్డు చేసిన మాటల ముక్కలను అతికించి యంత్రం చదివేటట్లు చేయవచ్చు. తెలుగులో ఒకటి నుండి ఇరవై వరకు 20 ముక్కలు, ముప్పై నుండి తొంభై వరకు పదుల పేర్లు 7, ‘వంద’, ‘నూట’, ‘వందలు’, ‘వందల’ అనే 4. మొత్తం 31 ముక్కలతో 999 వరకు ఏ సంఖ్యనైనా పలికించవచ్చు. ‘టోకెన్ నంబరు’, ‘కౌంటరు’, ‘రండి’ కలిపితే పని పూర్తి. హిందీకో మరాఠీకో నూటికి పైగా ముక్కలు రికార్డు చేయించిన కార్యాలయం ఇంతమాత్రానికి వెనుకాడవలసిన కారణం కనబడదు.

అడగవలసిన అదను కొనుగోలుకు ముందే. యంత్రం బిగించిన తరువాత భాష చేర్చమంటే సరఫరాదారు వేరే బిల్లు పెడతాడు. ఆ కాగితం బల్లలమధ్య తిరుగుతూ ఉంటుంది. ఆసుపత్రికో మునిసిపాలిటీకో టోకెన్ వ్యవస్థ రాబోతున్నదని తెలిసిన వెంటనే, 2011 జనగణన మాతృభాషా పట్టికలలో మీ తాలూకా లెక్క చూచుకొని అర్జీ ఇవ్వండి. 350వ అధికరణం ప్రకారం ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చు. తెలుగులోనే వ్రాసి, రసీదు తీసుకోండి. టెండరు షరతుల నకలు కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అది ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి. చట్టపు ఆరవ సెక్షను చెప్పేది ఇదే. తెలుగులో పంపితే తిరుగుటపాలో రావచ్చు. తెలుగుకు అధికార స్థానమున్న యానాం వాసులకు మాత్రం ఈ చిక్కు లేదు.

మన సంఘాలు మహాసభలకు, సన్మానాలకు వెచ్చించే శ్రద్ధలో పదోవంతు ఈ తెరలమీద పెట్టినా మేలే. ఆ సంఘాలే ఇచ్చాపురంలో ఒడియావారికి, మడకశిరలో కన్నడిగులకు, నగరిలో తమిళులకు వారి భాషలో పిలుపు వినిపించమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని కూడా అడగాలి. అడగని నోటికి ఇక్కడ అడిగే బలం రాదు.

ఆ 31 మాటలను స్పష్టమైన ఉచ్చారణ గల స్థానిక తెలుగు ఉపాధ్యాయినిచేత చదివించి, రికార్డును ఉచితంగా ఇస్తామని మీ అర్జీలోనే చేర్చండి.