ఫుట్‌పాత్ మనిషికి పూచీ ఎవరిది?

ఇల్లు లేని మనిషిని ఓటరుగా నమోదు చేయడానికి ఎన్నికల సంఘం ఒక మంచి పద్ధతి పెట్టింది. ఆ మనిషి చిరునామాకు రుజువు చూపనక్కర్లేదు. ఫలానా వంతెన కింద, ఫలానా గుడి అరుగు మీద పడుకుంటానని ఫారం-6లో రాస్తే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి చూడాలి. ఒక రాత్రితో సరిపెట్టకుండా మళ్లీ వెళ్లాలి. ఆ మనిషి నిజంగా అక్కడే నిద్రపోతున్నాడని తేలితే ఆ చోటునే చిరునామాగా రాసుకుంటారు.

ఒక్క ఓటు కోసం ప్రభుత్వం అర్ధరాత్రి ఫుట్‌పాత్ దాకా నడిచి వెళ్లగలదన్నమాట. రేషన్ బియ్యానికి, వృద్ధాప్య పింఛనుకు, క్షయ మందులకు, తలదాచుకునే గదికి మాత్రం అదే మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి. మన నగరాల్లో నిరాశ్రయుల కోసం చట్టాలు, తీర్పులు, పథకాలు చాలానే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి ఒక మనిషి దగ్గరికి చేర్చే పూచీ మాత్రం ఎవరి మీదా లేదు. ఆ పూచీ పురపాలక సంస్థ తీసుకోవాలి.

2011 జనగణన దేశంలో 17.73 లక్షల మందిని నిరాశ్రయులుగా లెక్కించింది. అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నవారే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. రోడ్ల పక్కన, సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారిని ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. పోలీసు లాఠీ చప్పుడైతే చోటు మార్చేవారు, దుకాణం మూసేదాకా ఆగి దాని మెట్ల మీద పడుకునేవారు, ఆ రాత్రి పెళ్లి వడ్డనకు వెళ్లినవారు ఇలాంటి లెక్కకు సులువుగా చిక్కరు. పదేళ్లకు రావాల్సిన మరో లెక్క రాలేదు కాబట్టి ఇప్పటికీ ప్రభుత్వాలకు ఆ అంకెలే దిక్కు.

న్యాయస్థానం తన వంతు చేసింది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డులోని తాత్కాలిక షెల్టర్‌ను అక్కడి నగరపాలక సంస్థ కూల్చేసింది. ఆ సంగతిని ఆహార హక్కు కేసులో నియమితులైన కమిషనర్లు సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చారు. 2010లో కోర్టు నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అదే కొలతను మార్గదర్శకాల్లో పెట్టుకుంది. లక్ష మందికి వంద పడకల వసతి, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండే తలుపులు అందులోని నియమాలు. షెల్టర్‌లో చేరినవారికి గుర్తింపు కార్డు, రేషన్, పింఛను, బ్యాంకు ఖాతా, పిల్లలకు బడి సమకూర్చాలని కూడా స్పష్టంగా రాశారు.

ఈ కొలత ప్రకారం 2011లోనే 67 లక్షల జనాభా దాటిన గ్రేటర్ హైదరాబాద్‌కు 67 షెల్టర్లు ఉండాలి. నగరం ఆ సంఖ్యకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఇది హైదరాబాద్ ఒక్కదాని లోపం కాదు. నిధులున్నా పని సాగడం లేదని గమనించిన సుప్రీంకోర్టు 2016 నవంబరులో జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చింది. 2018లో రాష్ట్రస్థాయి పర్యవేక్షణ కమిటీలు వేయించింది. ఇంతలో 2024 సెప్టెంబరుతో ఆ మిషన్ గడువే ముగిసిపోయింది. కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ సిద్ధమవుతోందని, అందులో నిరాశ్రయుల వసతి కూడా ఉంటుందని 2025 ఫిబ్రవరిలో కేంద్రం కోర్టుకు చెప్పింది.

ఉన్న కొద్ది షెల్టర్లలోనూ కొన్ని పడకలు ఖాళీగా ఉంటాయి. బయట ఫుట్‌పాత్ మాత్రం నిండే ఉంటుంది. అధికారులు దీన్ని తరచూ నిరాశ్రయుల మొండితనంగా చూస్తారు. అడ్డా కూలీ దినచర్యను దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తెల్లవారి ఆరు గంటలకల్లా అతను అడ్డా మీద నిలబడాలి. మేస్త్రి వచ్చి, కావలసిన నలుగురిని ఆటో ఎక్కించుకుని వెళ్లిపోతాడు. షెల్టర్ ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే తొలి బస్సు దిగేసరికి ఆనాటి కూలి పోయినట్టే. అతని పార, తట్ట, మడత దుప్పటి దాచుకోవడానికి తాళం పడే పెట్టె ఉండదు. భార్య వెంట ఉంటే ఇద్దరూ చెరో షెల్టర్‌కు పోవాలి. మీసం మొలుస్తున్న కొడుకును తల్లి వెంట మహిళల షెల్టర్‌లో ఉండనివ్వరు. కుటుంబం విడిపోవడం కన్నా ఫ్లైఓవర్ కింద కలిసి ఉండటమే మేలనుకుంటే తప్పుపట్టలేం.

అవసరం ఉన్నచోట కడితే షెల్టర్ నిండుతుంది. ఉస్మానియా, గాంధీ, నిలోఫర్ ఆసుపత్రులకు జిల్లాల నుంచి వచ్చే రోగుల వెంట ఒకరిద్దరు తోడుంటారు. మంచం రోగికే గానీ తోడొచ్చిన వారికి ఉండదు. చెట్టు కింద చాప వేసుకుని వారాల తరబడి గడిపే ఈ మనుషులు తాత్కాలికంగా నిరాశ్రయులే. ఆసుపత్రి పక్కనే వారికి వసతి కట్టాలన్న ఆలోచనను జీహెచ్‌ఎంసీ కొన్నిచోట్ల అమలు చేసింది. చెన్నై నగరపాలక సంస్థ ఇంకాస్త ముందుకెళ్లి పురుషులకు, మహిళలకు, పిల్లలకు, మానసిక సమస్యలున్నవారికి, రోగుల సహాయకులకు వేర్వేరు షెల్టర్లు నడుపుతోంది.

అయితే షెల్టర్ ఎంత బాగున్నా అది మజిలీ మాత్రమే. అక్కడి నుంచి మనిషి ఎటు వెళ్లాలన్న దగ్గరే మన వ్యవస్థ తెగిపోతోంది. అరవై అయిదేళ్ల ఒంటరి వృద్ధురాలు బస్టాండులో ఉంటోందనుకుందాం. ఆమెకు షెల్టర్ ఇవ్వాల్సింది మున్సిపాలిటీ. రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖ చేతిలో ఉంది. దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించాల్సింది వైద్యారోగ్య శాఖ. మతి చలించి తిరుగుతుంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. చికిత్సకు చేర్చుకోనవసరం లేదని వైద్యులు చెబితే ఇంటికో, ఇల్లు లేకపోతే నిరాశ్రయుల వసతికో తీసుకెళ్లాలి. కాగితం మీద గొలుసు చక్కగానే ఉంది. ఆసుపత్రి నుంచి షెల్టర్‌కు, షెల్టర్ నుంచి రేషన్ దుకాణానికి ఆమెను చేయి పట్టుకుని నడిపించే ఉద్యోగి ఎవరో మాత్రం అందులో రాయలేదు.

రాష్ట్రాల ఇళ్ల పథకాలైతే నిరాశ్రయులను అసలు చూడనేలేదు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇంటికి ఆహార భద్రత కార్డు అడిగారు. ఇందిరమ్మ ఇళ్లలో తొలి విడత అయిదు లక్షల సాయం సొంత జాగా ఉన్నవారికి దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పట్టాకు తెల్లకార్డు కావాలి. జాగా, కార్డు, కరెంటు బిల్లు ఉన్న పేదవాడికి ఇవి ఆసరా అయ్యాయి, సంతోషం. అవేవీ లేని మనిషి ఇళ్ల పథకానికి అందరికన్నా ముందు అర్హుడు. నిబంధనలు అతణ్ని వరుసలోనే నిలబడనివ్వలేదు.

ఎవరి మీదా పూచీ లేనప్పుడు వ్యవహారం పోలీసుల చేతికి పోతుంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు నగర పోలీసులు రెండు నెలల పాటు భిక్షాటనను నిషేధించారు. పట్టుకున్నవారిని చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకు తరలించారు. యాచకుల సమాచారమిస్తే 500 రూపాయల బహుమతి అని జైళ్ల శాఖ ప్రకటించింది. అక్కడ తిండి పెట్టారు, వైద్యం చేశారు. కానీ పేదరికానికి జైలు శాఖ ఆతిథ్యమివ్వాల్సి రావడం నగరపాలన వైఫల్యమే. మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఢిల్లీలో భిక్షాటనను నేరంగా చూసే నిబంధనలను కొట్టేసింది.

సమన్వయం అనే మాట మన సమీక్షా సమావేశాల్లో వినీ వినీ అరిగిపోయింది. అది పనిగా మారితే ఏమవుతుందో అమెరికాలోని హ్యూస్టన్ చూపించింది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఆ మహానగర ప్రాంతంలో 2011 నాటి ఒక్క రాత్రి లెక్కలో దాదాపు 8,500 మంది నిరాశ్రయులు తేలారు. సాయం చేసే సంస్థలకు కొదవ లేదు గానీ ఎవరి దారి వారిది. ఒక నిరాశ్రయ మాజీ సైనికుడు వీధి నుంచి ఇంటికి చేరాలంటే 76 దశలు దాటాలని, అందుకు 720 రోజులు పడుతోందని తేలింది. మేయర్ అనీస్ పార్కర్ హయాంలో నగరం, కౌంటీలు, వందకు పైగా స్వచ్ఛంద సంస్థలు ‘ద వే హోమ్’ అనే ఒకే ఏర్పాటు కిందికి వచ్చాయి. అందరూ ఒకే జాబితా, ఒకే డేటాబేస్ వాడారు. నిధులను ఒకే ప్రణాళిక ప్రకారం ఖర్చుచేశారు. ముందు మద్యం మానాలి, ఉద్యోగం చూసుకోవాలి అన్న షరతులు తీసేసి, ముందు ఇల్లిచ్చి తర్వాత వైద్యం, కౌన్సెలింగ్ అందించారు. నిరీక్షణ 32 రోజులకు తగ్గింది. 2022 నాటికి 25 వేల మందికి పైగా ఇళ్లలోకి చేరారు. వీధుల్లో, షెల్టర్లలో ఉండేవారి సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది.

అమెరికా డబ్బు, అమెరికా ఫెడరల్ అద్దె సాయం మనకెక్కడివని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. హ్యూస్టన్‌లో అద్దెలు ఇతర పెద్ద నగరాల కన్నా తక్కువ కావడం కూడా కలిసొచ్చింది. అయినా వారు మొదట చేసిన పనికి, అంటే అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకే జాబితా తయారు చేయడానికి, పెద్దగా డబ్బు అక్కర్లేదు.

దక్షిణాదిలోనే ఉన్న కేరళ దాన్ని మన పరిస్థితుల్లోనే చేసింది. 2021లో మొదలైన అతిదారిద్ర్య నిర్మూలన కార్యక్రమంలో స్థానిక సంస్థలు, కుటుంబశ్రీ స్వయం సహాయక సంఘాల మహిళలు వార్డు వార్డు తిరిగి 64,006 కుటుంబాలను పేరుపేరునా గుర్తించారు. ఆహారం, ఆరోగ్యం, ఆదాయం, ఇల్లు అనే నాలుగు కొలతల మీద ప్రతి కుటుంబానికీ విడి ప్రణాళిక రాశారు. ఒకరికి ఇల్లు కావాలి, ఒకరికి మూడు పూటల వండిన అన్నం, మరొకరికి కేవలం ఆధార్ కార్డు. 21,263 మందికి తొలిసారిగా కనీస పత్రాలు చేతికొచ్చాయి. 2025 నవంబరు 1న ఆ రాష్ట్రం అతిదారిద్ర్యం పోయిందని ప్రకటించినప్పుడు ఆర్థికవేత్తలు, ఆదివాసీ సంఘాలు లెక్కలను ప్రశ్నించారు. ఆ ప్రశ్నలు సబబైనవే. కానీ పంచాయతీ, మున్సిపాలిటీల చేతికి జాబితాను, బాధ్యతను కలిపి ఇచ్చిన పద్ధతి నేర్చుకోదగ్గది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి కావలసిన మనుషులు, చోట్లు ఇప్పటికే ఉన్నాయి. హైదరాబాద్‌లో పట్టణ సామాజికాభివృద్ధి విభాగం 1967 నుంచీ బస్తీల్లో తిరుగుతున్నదే. పట్టణాల్లో మెప్మా స్వయం సహాయక సంఘాల మహిళలకు తమ వార్డులో ఏ మెట్టు మీద ఎవరు పడుకుంటారో తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్ల దగ్గర, హైదరాబాద్‌లో అయిదు రూపాయల భోజన కేంద్రాల దగ్గర నిరాశ్రయులు రోజూ వరుసలో నిలబడతారు. ఎవరినీ తరమకుండా, వెతక్కుండా వారితో మాట్లాడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకుల ధ్రువపత్రంతో ఆధార్ నమోదుకు ఇప్పటికే వీలుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో అద్దె ఇళ్ల విభాగం లబ్ధిదారుల్లో వలస కార్మికులతో పాటు నిరాశ్రయులను కూడా పేర్కొన్నారు.

ఇక కావలసింది నాలుగు నిర్ణయాలు. ప్రతి నగరపాలక సంస్థలో నిరాశ్రయుల సేవలకు ఒక్క అధికారిని బాధ్యుణ్ని చేయాలి. పేర్లతో కూడిన జాబితా ఆయన దగ్గర ఉండాలి, అది పోలీసుల చేతికి పోకూడదు. పోలీసు, వైద్య, పౌరసరఫరాల, గృహనిర్మాణ శాఖల వారు ఆయనతో వారానికోసారి కూర్చుని, ఒక్కో పేరు ఎక్కడ ఆగిందో చూడాలి. అద్దె ఇళ్లలో కొంత వాటాను షెల్టర్ల నుంచి వచ్చేవారికి, కుటుంబాలతో సహా, కేటాయించాలి. షెల్టర్లు పెంచితే ఊళ్ల నుంచి జనం ఎగబడతారన్న భయం కొందరిలో ఉంది. వారిని నగరానికి రప్పిస్తున్నది పని, వైద్యం. షెల్టర్ లేదని వాళ్లు రావడం మానలేదు.

ప్రకటించిన షెడ్యూలు ప్రకారం జనాభా గణన 2027 ఫిబ్రవరిలో జరగాలి. నిరాశ్రయులను లెక్కపెట్టే రాత్రికి గణకులు వచ్చేసరికి ప్రతి మున్సిపాలిటీ దగ్గర సొంత జాబితా సిద్ధంగా ఉండాలి. కమిషనర్లు ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. కార్పొరేటర్లు, కౌన్సిలర్లు తమ వార్డులో ఎందరున్నారని కౌన్సిల్ సమావేశంలో అడగాలి. పౌరులు తమ వీధి చివర పడుకునే మనిషి గురించి మున్సిపల్ ఆఫీసుకు చెప్పాలి. చెప్పేటప్పుడు అతణ్ని అక్కడి నుంచి తీసేయమని అడగకుండా, అతని పేరు జాబితాలో ఎక్కిందా అని అడగాలి.